కంప్యూటర్ కబుర్లు: జోడెద్దుల బండి



ఈ మధ్య మన అసోసియేషన్ పిక్నిక్కుల్లో గానీ, పుట్టినరోజు పార్టీల్లో గానీ ప్లేటు పట్టుకుని వరుసలో నిలబడితే చాలు, ఎవరో ఒకరు వెనకనుంచి భుజం తడుతున్నారు. "ఏమండీ, మావాడు ఈసారి కంప్యూటర్ రెడీమేడ్‌గా వద్దంటున్నాడు. విడిభాగాలు తెచ్చి తనే బిగించుకుంటాడట. అన్నీ ఎంచుకున్నాడు గానీ మెమరీ దగ్గర ఆగిపోయాడు. ఒక స్టిక్ కొనాలా, రెండా, నాలుగా?" అని అడుగుతున్నారు. గారెలు చల్లారేలోపు ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తున్నాను: "రెండు. ఒకే పెట్టెలో వచ్చిన జత." ఎందుకు అంటే మాత్రం ఆ వరుసలో నిలబడి చెప్పేది కాదు. అందుకే ఈ సంచికలో ఆ సంగతే మాట్లాడుకుందాం.

ఇప్పుడే ఎందుకొచ్చింది ఈ ప్రశ్న?

కారణాలు రెండు. మొదటిది, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. ఇంట్లో బాగానే నడుస్తున్న పాత డెస్క్‌టాప్‌లు చాలావాటికి విండోస్ 11 పెట్టుకునే అర్హత లేదు. దాంతో కొత్తది కొనే ఆలోచన మొదలైంది.

రెండోది ధర. 2025 వేసవిలో 32 జీబీ డీడీఆర్5 మెమరీ జత వంద డాలర్లకి కాస్త అటూ ఇటూగా దొరికేది. అదే జత ఆ ఏడాది డిసెంబరుకల్లా మూడు రెట్లు దాటిపోయింది. ప్రపంచంలో తయారయ్యే మెమరీ చిప్పుల్లో చాలా భాగం శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే వస్తుంది. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు ఎంత మెమరీ ఇచ్చినా తీసుకుంటుంటే, ఆ మూడూ అటే మొగ్గాయి. 1996 నుంచి మనలాంటివాళ్ళకి మెమరీ అమ్ముతున్న క్రూషియల్ వ్యాపారాన్ని వదిలేస్తున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది కూడా.

ఇదివరకు కంప్యూటర్ విడిభాగాల జాబితాలో మెమరీ అంటే కూరగాయలు కొన్నాక కొసరుగా వేయించుకునే కరివేపాకు లాంటిది. ఎంత అని ఎవరూ పెద్దగా ఆలోచించేవారు కాదు. కరివేపాకు కుంకుమపువ్వు ధర పలికితే అప్పుడు ఆలోచించక తప్పదు కదా! ఈ సంచిక మీ చేతికొచ్చేసరికి ధర ఎంతుంటుందో నేను జోస్యం చెప్పను. కొనే రోజున చూసుకోండి. ధర ఎంతున్నా ఎంచుకునే పద్ధతి మాత్రం మారదు.

అసలు మెమరీ అంటే?

ఇది పిల్లల కోసం. అమ్మ వంట చేసేటప్పుడు చూడండి. బియ్యం, పప్పు, డబ్బాలు స్టోర్ రూమ్‌లో ఉంటాయి. ఆ పూట వంటకి కావలసినవి మాత్రం వంటింటి గట్టు మీదకి తెచ్చుకుంటుంది. కంప్యూటర్‌లో స్టోర్ రూమ్ అంటే ఎస్‌ఎస్‌డీ. వంటింటి గట్టు అంటే మెమరీ, అదే ర్యామ్. వంట చేసే అమ్మ ప్రాసెసర్ అన్నమాట. గట్టు ఇరుకైతే అమ్మ ప్రతి గరిటెకీ స్టోర్ రూమ్‌కి పరిగెత్తాలి. అమ్మ ఎంత చురుకైనదైనా వంట ఆలస్యమవుతుంది.

ఈ మెమరీని కనిపెట్టిన ఆయన పేరు రాబర్ట్ డెనార్డ్. ఐబీఎంలో ఇంజనీరు. 1968లో దీని మీద పేటెంటు వచ్చింది. ఒక్కో బిట్‌ని దాచడానికి ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ చాలన్నది ఆయన ఆలోచన. ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది. పోసిన విద్యుత్తు కారిపోతూ ఉంటుంది. అందుకని కంప్యూటర్ ప్రతి కుండనీ మళ్ళీ మళ్ళీ నింపుతూనే ఉంటుంది. డీడీఆర్5లో సెకనుకి ఇంచుమించు 30 సార్లు! స్విచ్ ఆపేస్తే నింపేవాళ్ళుండరు, కుండలు ఖాళీ. అందుకే కరెంటు పోతే సేవ్ చేయని హోంవర్కు మాయమైపోతుంది.

ముందు "ఎంత" తేల్చుకోండి

స్టిక్కులు ఎన్ని అనే ముందు మొత్తం ఎంత కావాలో తేలాలి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ఉండాలని మైక్రోసాఫ్ట్ అంటుంది. అది పేరుకే. నా లెక్క ఇలా ఉంటుంది.

హోంవర్కు, ఈమెయిలు, ఇండియాలో అమ్మమ్మతో వీడియో కాల్, తెలుగు సినిమా చూడటం, వీటికి 16 జీబీ సుఖంగా సరిపోతుంది. కొత్త ఆటలు ఆడే పిల్లలకీ, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళకీ, ఆటాడుతూ పక్కన ఇరవై ట్యాబులు తెరిచిపెట్టుకునేవాళ్ళకీ 32 జీబీ. పెద్ద వీడియోలు ఎడిట్ చేసేవాళ్ళు, ఒకే కంప్యూటర్‌లో నాలుగు వర్చువల్ కంప్యూటర్లు నడిపేవాళ్ళు, భాషా మోడళ్ళని ఇంట్లోనే నడిపి చూడాలనుకునేవాళ్ళు 64 గురించి ఆలోచించాలి.

"ఎందుకైనా మంచిది, 64 పెట్టేద్దాం" అనేవాళ్ళు మనలో ఎక్కువే. పెళ్ళికి వందమంది వస్తారంటే మూడు వందలమందికి వండించే అలవాటు మరి! వాడని మెమరీ వల్ల కంప్యూటర్ వేగం పెరగదు. పాత కంప్యూటర్ ఇంకా ఉంటే, మీరు మామూలుగా చేసే పనులన్నీ ఒకేసారి తెరిచి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత వాడుతోందో ఒక వారం గమనించండి. ఆ సంఖ్య మీ పక్కింటాయన సలహా కన్నా నమ్మదగ్గది. నా సలహా కన్నా కూడాను.

ఒంటెద్దా, జోడెద్దులా?

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. ఇళ్ళలో వాడే డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావాటికి మెమరీతో మాట్లాడటానికి రెండు దారులుంటాయి. వీటిని ఛానెళ్ళు అంటారు. ఒక్కో దారి వెడల్పు 64 బిట్లు, అంటే 8 బైట్లు. డీడీఆర్5-6000 అని రాసి ఉన్న స్టిక్ సెకనుకి 6000 మిలియన్ల సార్లు సరుకు అందిస్తుంది. 6000ని 8తో హెచ్చవేస్తే సెకనుకి 48 జీబీ. ఒక్క స్టిక్ పెడితే ఒక్క దారే పనిచేస్తుంది, 48తో సరి. రెండు స్టిక్కులు రెండు దారుల్లో పెడితే 96. సామర్థ్యం అదే 32 జీబీ అయినా, 32 ఒకటిగా పెట్టడానికీ, 16 చొప్పున రెండు పెట్టడానికీ ఇంత తేడా ఉంది.

బండికి కాడి ఉందనుకోండి. రెండో పక్క ఖాళీగా వదిలేసి ఒంటెద్దుతో లాగించినట్టే మొదటిది. బండి కదలదని కాదు, కదులుతుంది. మెయిలు చూసుకునేవాళ్ళకి తేడా తెలియకపోవచ్చు కూడా. ఎక్కడ బాగా తెలుస్తుందంటే, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనకుండా ప్రాసెసర్‌లో ఉన్న గ్రాఫిక్స్‌తోనే ఆటలు ఆడేచోట. అలాంటి ప్రాసెసర్‌కి సొంత మెమరీ ఉండదు, ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. బడ్జెట్ తక్కువని గ్రాఫిక్స్ కార్డు మానేసిన పిల్లవాడు, అదే బడ్జెట్ కోసం స్టిక్ కూడా ఒక్కటే పెడితే రెండు విధాలా నష్టపోతాడు.

మనలో 1990లలో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ విడిభాగాలు కొని బిగించుకున్నవాళ్ళకి ఇది కొత్త కాదు. ఆనాటి పెంటియం బోర్డుల్లో 72 పిన్నుల సిమ్‌లు జతలుగానే పెట్టాలి. సిమ్ వెడల్పు 32 బిట్లు, ప్రాసెసర్ దారి 64 బిట్లు కాబట్టి ఒక్కటి పెడితే కంప్యూటర్ లేచేదే కాదు. ఇప్పుడు ఒక్కటి పెట్టినా లేస్తుంది. అందుకే లోపం ఉన్నా బయటపడదు.

మా అన్నయ్య కూతురి జాబితా

మా అన్నయ్య కూతురు ఆర్కిటెక్చర్‌లో చేరబోతూ వేసవంతా స్విమ్మింగ్ పూల్ దగ్గర లైఫ్‌గార్డు పని చేసి డబ్బు కూడబెట్టింది. ఆ డబ్బుతోనే కంప్యూటర్ కట్టుకుంటానంది. జాబితా చక్కగా తయారుచేసి నాకు చూపించింది. మెమరీ దగ్గర నాలుగు వరుసలు రాసి, నాలుగింటికీ ప్రశ్న గుర్తులు పెట్టింది: 32 ఒకటి, 16 రెండు, 8 నాలుగు, 8 రెండు.

"బాబాయ్, నాలుగు స్లాట్లున్నాయి కదా, నాలుగూ నింపితే బాగుండదా?" అంది.

"స్లాటున్నది నింపడానికే అనుకుంటే నీ కాలేజీ గదిలో షెల్ఫులన్నీ కూడా ఇప్పుడే నింపాలమ్మా" అన్నాను. తర్వాత ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాం.

8 జీబీవి నాలుగు మొదట పోయింది. దాని సంగతి కిందనే చెబుతాను. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కుకి ఇంకో వెలితి కూడా ఉంది. సాధారణంగా వాటిలో చిప్పులు నాలుగే ఉంటాయి. 16 జీబీ స్టిక్‌లో ఎనిమిది. 8 జీబీ స్టిక్‌లో వాడే రకం చిప్పుల్లో ఒకేసారి పని పంచుకునే గుంపులు సగమే కాబట్టి, లేబుల్ మీద వేగం ఒకటే అయినా పనిలో కాస్త వెనకబడతాయి. 8 జీబీవి రెండు పెడితే మొత్తం 16. చవకే గానీ, రేపు పెంచాలంటే రెండూ తీసి పక్కన పడేయాలి.

ఇక మిగిలినవి 32 ఒకటి, 16 రెండు. "ఒక్కటి కొంటే, రేపు ఇంకోటి కొని 64 చేసుకోవచ్చు కదా" అని దాని వాదన. మంచి వాదనే. "64 ఎప్పుడు కావాలి నీకు?" అన్నాను. కాలేజీవాళ్ళు పంపిన కాగితం తీసి చూసింది. వాళ్ళు అడిగింది 32 మాత్రమే. ఎప్పుడో రాబోయే అవసరం కోసం రేపటి నుంచీ ఒంటెద్దుతో నడపడం దండగ అని తనే తేల్చింది.

అప్పుడు స్పీకర్ ఫోన్‌లో మా అన్నయ్య: "ఒరేయ్, ఆ వేలెడంత ముక్కలకి అంత డబ్బా? 16 చాల్లే అని చెప్పు దానికి."

నేను మాట్లాడేలోపే అది అందుకుంది. "నాన్నా, రెండు టెరాబైట్ల ఎస్‌ఎస్‌డీ బదులు ఒక టెరాబైట్‌ది కొంటాను. రంగు రంగుల లైట్లున్న మెమరీ బదులు మామూలుది కొంటాను. ఎస్‌ఎస్‌డీ ఎప్పుడైనా ఇంకోటి తగిలించుకోవచ్చు, ఉన్నదాన్ని కదిలించనక్కర్లేదు. మెమరీ అలా కాదు, ఒక్కసారే సరిగ్గా కొనుక్కోవాలి."

కంప్యూటర్ కట్టేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఇదే. తర్వాత తేలిగ్గా చేర్చుకోగలిగేది ఇప్పుడు తగ్గించుకోండి. తర్వాత చేరిస్తే తంటా తెచ్చేది ఇప్పుడే పూర్తిగా కొనండి. పిల్ల తన చెమటోడ్చిన డబ్బు గనక అంత జాగ్రత్తగా ఆలోచించింది. మనం కొనిచ్చి ఉంటే లైట్లున్న మెమరీయే వచ్చి ఉండేది!

అంత డబ్బు సమకూరకపోతే? అప్పుడు గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్నవాళ్ళు 16 జీబీ స్టిక్ ఒకటి కొని, కొన్నాళ్ళకి అచ్చంగా అదే మోడల్ నంబరుది ఇంకోటి కొనుక్కోవచ్చు. కాకపోతే పేరు ఒకటే అయినా కంపెనీ మధ్యలో లోపలి చిప్పులు మార్చి ఉండొచ్చు. అందుకని రెండోది పెట్టాక పరీక్ష తప్పనిసరి. గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్ళకి మాత్రం 8 జీబీ రెండే మేలు.

నాలుగెద్దులు కడితే?

రెండెద్దులు రెట్టింపు బలమైతే, నాలుగెద్దులు నాలుగింతలు కావాలి కదా అనిపిస్తుంది. కానీ దారులు రెండే. నాలుగు స్టిక్కులు పెడితే ఒక్కో దారిలో రెండేసి చేరతాయి. దారి వెడల్పు పెరగదు. పైగా ఒకే తీగ మీద ఇద్దరితో మాట్లాడాలి కాబట్టి ప్రాసెసర్ నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడాలి. డీడీఆర్5 వేగాల దగ్గర ఈ ఇబ్బంది బాగా ఎక్కువ.

ఇది నా ఊహ కాదు. ఏఎండీ తన రైజెన్ 7000 ప్రాసెసర్లకి రాసిన లెక్కల్లో రెండు స్టిక్కులైతే 5200, నాలుగైతే 3600 అని ఉంది. రైజెన్ 9000కి రెండైతే 5600, నాలుగైతే అదే 3600. ఇంటెల్ ప్రాసెసర్లలోనూ నాలుగు పెడితే హామీ ఇచ్చే వేగం తగ్గుతుంది. అంతకన్నా ఎక్కువ వేగంతో నడిపినవాళ్ళు లేరని కాదు. అది వాళ్ళ అదృష్టం, ఓపిక.

మా ఊళ్ళో ఒక స్నేహితుడి ఇంట్లో జరిగింది చెబుతాను. వాళ్ళబ్బాయి కంప్యూటర్‌లో 16 జీబీ జత ఒకటుంది, చక్కగా నడుస్తోంది. ఎవరో చవగ్గా ఇస్తున్నారని వేరే కంపెనీది, పాతది, ఇంకో జత తెచ్చి నాలుగు స్లాట్లూ నింపాడు. వేగం మాత్రం ఎప్పటిలాగే 6000 దగ్గర ఉంచాడు. కంప్యూటర్ లేచింది. వారానికోసారి దానంతటదే ఆగి మళ్ళీ మొదలయ్యేది. "అన్నీ ఆ ఆటల వల్లే" అని నాన్నగారు కోప్పడేవారు. ఆ రోజుల్లోనే ఇండియా వెళ్ళి బామ్మగారి సహస్ర చంద్ర దర్శనం చేసుకొచ్చారు. కెమెరా కార్డులోంచి ఫోటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, కార్డు తుడిచేశారు. కొన్ని నెలల తర్వాత ఆల్బం చేద్దామని తెరిస్తే, కొన్ని ఫోటోల్లో సగం దాకా బొమ్మ, మిగతా సగం బూడిదరంగు!

నేను వెళ్ళి మెమ్‌టెస్ట్86+ అనే ఉచిత పరీక్ష పెట్టాను. కొద్ది నిమిషాల్లోనే ఎర్రగీతలు పడ్డాయి. రెండో జత తీసేసి రాత్రంతా నడిపితే ఒక్క తప్పూ లేదు. ఫోటోలు పాడవడానికి అదే కారణమని కోర్టులో నిరూపించలేను గానీ, ఒక ఫైలు కార్డులోంచి డిస్కులోకి వెళ్ళాలంటే మెమరీ మీదుగానే వెళ్ళాలి. అక్కడ ఒక్క బిట్ తారుమారైనా కంప్యూటర్ నోరు విప్పి చెప్పదు. చుట్టాల ఫోన్లలోంచి కొన్ని ఫోటోలు తెప్పించుకున్నారు. బామ్మగారు పిండివంటల పళ్ళెం పట్టుకుని నవ్వుతున్న ఫోటో మాత్రం ఇంకెవరి దగ్గరా లేదు.

ఆ తండ్రి కొడుకు వైపు తిరిగి, "ఆటల వల్ల కాదట్రా" అన్నాడు. అంతకన్నా ఏమనగలడు? మెమరీ అంటే వేగం ఒక్కటే కాదండీ, నమ్మకం కూడా. 10 శాతం వేగం తగ్గితే మనకి తెలియకపోవచ్చు. నమ్మకం తగ్గితే ఏం పోయిందో చాలాకాలం తర్వాత గానీ తెలియదు.

మరీ ఎక్కువ మెమరీ కావలసినవాళ్ళు ఏం చేయాలంటారా? 24, 32, 48 జీబీ స్టిక్కులు కూడా ఉన్నాయి. 64 కావాలంటే 32 రెండు కొనండి గానీ 16 నాలుగు కొనకండి.

లేబుల్ చదవడం

పెట్టె మీద డీడీఆర్5-6000, సీఎల్30, 1.35 వోల్టులు అని ఉంటుంది. 6000 అంటే సెకనుకి ఎన్ని మిలియన్ల సార్లు సరుకు అందుతుందో ఆ లెక్క. దుకాణాల్లో దీన్ని మెగాహెర్ట్జ్ అని రాస్తారు గానీ నిజానికి గడియారం 3000 మెగాహెర్ట్జే, ఒక్కో టిక్కుకి రెండుసార్లు అందిస్తుంది. డీడీఆర్ అంటేనే డబుల్ డేటా రేట్ కదా! సీఎల్ అంటే అడిగాక మొదటి ముక్క రావడానికి ఎన్ని టిక్కులు ఆగాలో ఆ సంఖ్య. ఇది తక్కువుంటే మంచిది.

రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లకి 6000, సీఎల్30 నుంచి 36 మధ్య ఉన్న జత మంచి బేరం. 7000, 8000 అని పెద్ద అంకెలు చూసి మోజుపడకండి. పెరిగే ధరకీ, పెరిగే వేగానికీ పొంతన ఉండదు.

కొనేముందు మదర్‌బోర్డు కంపెనీ వెబ్‌సైట్‌లో క్యూవీఎల్ అనే జాబితా చూడండి. ఆ బోర్డు మీద పరీక్షించిన మెమరీల పేర్లు అందులో ఉంటాయి. మీరు కొనేది అందులో ఉంటే సగం తలనొప్పి తప్పినట్టే.

పాత బంగారం

కొత్త మెమరీ ధర చూసి గుండె గుభేల్‌మన్నవాళ్ళకి ఒక మాట. విండోస్ 11కి పనికిరాదని గరాజ్‌లో పెట్టిన కంప్యూటర్ ఉందా? మూత తీసి మెమరీ స్టిక్ మీద కాగితం చదవండి. పీసీ4 అని మొదలైతే అది డీడీఆర్4. పీసీ3 అయితే డీడీఆర్3, దాన్ని వదిలేయండి. డీడీఆర్4 స్టిక్ డీడీఆర్5 బోర్డులో పట్టదు. రెండింటికీ 288 పిన్నులే అయినా మధ్యలో గాటు వేరేచోట ఉంటుంది. బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది గానీ స్టిక్ దిగదు.

కానీ డీడీఆర్4 వాడే ఏఎమ్4 బోర్డులకి రైజెన్ 5000 ప్రాసెసర్ పెట్టుకోవచ్చు, అది విండోస్ 11కి అర్హమైనదే. పాత స్టిక్కులు కొంచెం నెమ్మది. అయినా హోంవర్కుకీ, అమ్మమ్మ వీడియో కాల్‌కీ ధారాళంగా సరిపోతాయి. మెమరీ ఖర్చు సున్నా! మన అమ్మలు పాత పట్టుచీరతో పరికిణీ కుట్టించలేదూ? ఇదీ అంతే.

బిగించే వేళ

ఇది పిల్లలు చేయాల్సిన పని. పెద్దలు పక్కన టార్చి పట్టుకుని నిలబడితే చాలు.

కరెంటు తీగ తీసేయండి. కేసు లోహాన్ని ఒకసారి తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ కరెంటు పోతుంది. నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది చాలా బోర్డుల్లో సరైన చోటు. వాటి పక్కన ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి. పక్కపక్కనే పెడితే రెండూ ఒకే దారిలో పడతాయి, జత కొన్న ఫలితం పోతుంది. గాటు సరిపోయేలా పట్టుకుని రెండు చివర్లా సమంగా నొక్కండి. టక్‌మని శబ్దం రావాలి.

మొదటిసారి స్విచ్ వేశాక కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి. ప్రాసెసర్, మెమరీ ఒకదాన్నొకటి పరిచయం చేసుకుంటున్నాయి. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. పెళ్ళిచూపుల్లో మొదట కాసేపు మౌనం ఉండదూ, అలాగన్నమాట.

తర్వాత బయోస్‌లోకి వెళ్ళి ఏఎండీ బోర్డులో ఎక్స్‌పో, ఇంటెల్ బోర్డులో ఎక్స్‌ఎమ్‌పీ అనేది ఆన్ చేయాలి. చేయకపోతే 6000 అని డబ్బు పోసి కొన్న మెమరీ 4800 దగ్గరో 5600 దగ్గరో నడుస్తుంది. సాంకేతికంగా ఇది ఓవర్‌క్లాకింగ్ కిందకే వస్తుంది కాబట్టి, ఆ తర్వాత మెమ్‌టెస్ట్86+ పెట్టి పడుకోండి. పొద్దున్న లేచి చూస్తే తప్పులు సున్నా ఉండాలి. ఒకటీ రెండూ కదా అని సరిపెట్టుకోకండి. ఒక్కటి ఉన్నా ముందు వేగం తగ్గించి మళ్ళీ పరీక్షించండి. అప్పటికీ ఉంటే దుకాణం వాపసు గడువు లోపలే తిరిగిచ్చేయండి. అంతా సరిగ్గా ఉన్నాకే ఫోటోలు ఎక్కించండి. ఎక్కించాక కూడా ఇంకో చోట కాపీ ఉంచందే కార్డు తుడవకండి.

పిల్లలకో లెక్క

మెమరీ మొదటి ముక్క ఇవ్వడానికి ఎన్ని నానోసెకన్లు పడుతుందో మీరే కట్టొచ్చు. సీఎల్ సంఖ్యని 2000తో హెచ్చవేసి, వేగంతో భాగించండి. డీడీఆర్4-3200 సీఎల్16 అయితే 16 × 2000 ÷ 3200 = 10 నానోసెకన్లు. ఆ కాస్త సమయంలో వెలుతురు వెళ్ళగలిగేది సుమారు 3 మీటర్లే!

ఇప్పుడు చెప్పండి: (క) డీడీఆర్5-5200 సీఎల్40, (గ) డీడీఆర్5-6000 సీఎల్30, (చ) డీడీఆర్5-6400 సీఎల్32. వీటిలో ముందు పలికేది ఏది?

జవాబు: (క) సుమారు 15.4. (గ) 10, (చ) 10. చివరి రెండూ సమానం. 2020 నాటి డీడీఆర్4తో కూడా సమానమే! అంటే కొత్త మెమరీ మొదటి ముక్క తొందరగా ఇస్తుందని కాదు, ఒకసారి మొదలుపెట్టాక ఎక్కువ సరుకు మోస్తుందని. ఇది మీ నాన్నగారికి వివరించి చెప్పగలిగితే మీ కంప్యూటర్‌కి ఏ మెమరీ కావాలో మీరే నిర్ణయించుకోవచ్చు.

వచ్చే సంచికలో పవర్ సప్లై సంగతి చూద్దాం. ఎన్ని వాట్లు కావాలి, పాతది వాడొచ్చా లేదా అన్నవి. మీ ప్రశ్నలుంటే సంపాదకులకి రాయండి. పార్టీలో గారెల వరుస దగ్గర అడిగినా సరే, కాకపోతే నా వంతు వచ్చేదాకా ఆగండి!